జట్టుకట్టే ఆటలు: ఆన్‌లైన్ లోకాల్లో ఆసక్తి, సాంగత్యం

ఇంటర్నెట్ ద్వారా ఒకే సమయంలో అనేకమంది కలిసి ఆడే కంప్యూటర్, మొబైల్ ఆటలను ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఆటలు అంటారు. వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది అరగంటలోనో ముప్పావుగంటలోనో ముగిసిపోయే పోటీ. కౌంటర్ స్ట్రైక్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, పబ్జీ ఈ కోవకు చెందుతాయి. రెండోది ముగింపు లేని లోకం. ఆడేవాడు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా అక్కడ బేరాలు జరుగుతూనే ఉంటాయి, యుద్ధాలు సాగుతూనే ఉంటాయి. అల్టిమా ఆన్‌లైన్, ఎవర్‌క్వెస్ట్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఈవ్ ఆన్‌లైన్, ఫైనల్ ఫాంటసీ 14 ఆ రకం ఆటలు. మనుషులు ఒక ఆటలో ఏళ్ల తరబడి ఎందుకు ఉండిపోతారన్న ప్రశ్నకు ఈ రెండో రకంలోనే ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి కాబట్టి ఈ వ్యాసం వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

ఆ ఆధారాలను వరసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. లెవెళ్లు, కత్తులు, కవచాలు, ర్యాంకులు మనిషిని ఆటలోకి రప్పిస్తాయి, కొన్ని నెలలపాటు ఆడిస్తాయి కూడా. ఆ తరవాత అతను రోజూ లాగిన్ కావడానికి కారణం, అక్కడ తన కోసం ఎదురుచూసే నలుగురు ఉండటమే. ఆటల సంస్థలు ఈ సంగతిని నిదానంగా తెలుసుకున్నాయి. తెలుసుకున్నాక కూడా దాన్ని చేజార్చుకున్న సందర్భాలున్నాయి.

మడ్: అక్షరాలతో కట్టిన లోకం

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా, అక్కడి పీడీపీ-10 కంప్యూటర్ మీద పలువురు కలిసి ఆడే ఒక సాహసక్రీడను రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు మడ్. అందులో బొమ్మలు లేవు. ఎక్కడున్నామో, ఎదురుగా ఏముందో తెర మీద వాక్యాల్లో కనబడేది. ఎటు వెళ్లాలో, ఏం తీసుకోవాలో ఆడేవాళ్లు టైపు చేసేవారు. 1980 నాటికి ఆ పని తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ చేతికి వచ్చింది. అతనే దాన్ని పూర్తిచేశాడు. బయటివాళ్లు రాత్రివేళ, కంప్యూటర్ ఖాళీగా ఉండే సమయంలో టెలిఫోన్ లైన్ల మీదుగా వచ్చి ఆడేవారు.

నిధులు సంపాదిస్తూ పాయింట్లు పెంచుకుంటూ పోతే చివరికి ‘విజార్డ్’ హోదా వచ్చేది. అక్కడికి చేరినవాడికి ఆటలో గెలవవలసింది ఇంకేమీ మిగలదు. అయినా విజార్డులు మానేసి వెళ్లిపోలేదు. కొత్తవాళ్లకు దారి చూపడం, తగవులు తీర్చడం, లోకాన్ని చక్కబెట్టడం వాళ్ల పనయింది. బహుమతి అయిపోయాక కూడా మనిషి ఉండిపోతాడన్న సంగతి ఈ రంగంలో మొదటి ఆటలోనే కనబడిందన్నమాట. తరవాత వచ్చిన పరిశోధనలన్నిటికీ ఇది మూలమని నా అభిప్రాయం.

ఒక మంచి ఆట ఎలా ఉండాలన్న విషయం మీద సీనియర్ ఆటగాళ్ల మధ్య నెలల తరబడి సాగిన చర్చను ఆధారం చేసుకుని బార్టిల్ 1996లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆడేవాళ్లను అందులో నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి పేకముక్కల గుర్తు ఇచ్చాడు. నిధులు, హోదాలు కూడబెట్టేవాళ్లు డైమండ్లు. లోకం లోతుపాతులు తవ్వేవాళ్లు ఇస్పేట్లు. మనుషుల కోసం వచ్చేవాళ్లు ఆటీన్లు. ఎదుటివాళ్ల మీద పైచేయి కోసం వచ్చేవాళ్లు కళావర్లు. ఈ విభజన చాలా ప్రసిద్ధమైంది. ఎవరు ఏ రకమో చెప్పే ప్రశ్నావళులు కూడా వేరేవాళ్లు తయారుచేశారు. కానీ బార్టిల్ వ్యాసంలో అంతకంటే విలువైన భాగం వేరే ఉంది. ఈ నాలుగు రకాలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయని, ఒక రకం పెరిగితే ఇంకో రకం తరుగుతుందని అతను వివరించాడు. వేటాడేవాళ్లు మితిమీరితే కబుర్ల కోసం వచ్చేవాళ్లు వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిపోతే తన గొప్ప చూపించుకోవడానికి నిధులు కూడబెట్టేవాడికి చూసేవాళ్లు ఉండరు.

ఆసక్తిని కొలిచిన ప్రయత్నాలు

బార్టిల్‌ది దగ్గరగా చూసినవాడి పరిశీలన. లెక్కలు కట్టి చేసిన పని నిక్ యీ చేతుల్లో జరిగింది. అతను సుమారు మూడు వేలమంది ఆటగాళ్ల జవాబులను విశ్లేషించి 2006లో ఫలితాలు ప్రచురించాడు. వాటి ప్రకారం ఆడటానికి పురిగొల్పే కారణాలు పది. అవి సాధన, సాంగత్యం, లీనత అనే మూడు గుంపుల్లోకి వస్తాయి. ఒకటి ఎక్కువైనంత మాత్రాన మరొకటి తగ్గాలని లేదు. డ్రాగన్‌ను చంపాలన్న పట్టుదల, స్నేహితులతో కబుర్లాడాలన్న కోరిక ఒకే మనిషిలో సమానంగా ఉండవచ్చు. మనుషులను నాలుగు పెట్టెల్లో సర్దిపెట్టే అలవాటుకు ఇది గట్టి సవరణ.

అదే ఏడాది రిచర్డ్ రయన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ ప్షిబిల్‌స్కీ మరో దారిలో వచ్చారు. మనిషికి ఏ పనిలోనైనా లోపలి నుంచి ఆసక్తి పుట్టాలంటే మూడు అవసరాలు తీరాలని ఒక మనస్తత్వ సిద్ధాంతం చెబుతుంది. తన ఇష్టప్రకారం చేస్తున్నానన్న స్వేచ్ఛ, చేయగలుగుతున్నానన్న సామర్థ్యం, మనవాళ్లతో ఉన్నానన్న సంబంధం అనేవే ఆ మూడు. ఆటలు ఈ అవసరాలను ఎంత తీరిస్తే అంత ఆనందాన్నిస్తాయని, మళ్లీ ఆడాలనిపిస్తాయని వాళ్లు చూపించారు. నలుగురూ కలిసి ఆడే ఆటల్లో మూడో అవసరానికి ప్రత్యేకమైన బలం ఉంది.

అమెరికాలో కాన్‌స్టన్స్ స్టైన్‌క్యూలర్, డిమిత్రి విలియమ్స్ ఈ లోకాలను ఇల్లూ కాని, ఆఫీసూ కాని మూడో చోటుగా వర్ణించారు. ఆ ఆలోచన సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్‌ది. మన ఊళ్లలో రచ్చబండ ఎలాంటిదో అలాంటిది. పని లేకపోయినా వచ్చి కూర్చోవచ్చు. హోదా అడిగేవారుండరు. వచ్చేవాళ్లలో పాతకాపులు కొందరుంటారు, వాళ్ల మాటతీరే ఆ చోటికి స్వభావాన్నిస్తుంది. అయితే ఇలాంటి చోట ఏర్పడే పరిచయాలు ఎక్కువగా విస్తృతమైనవే కాని లోతైనవి కావని వాళ్లే హెచ్చరించారు. వేరే దేశపు, వేరే వృత్తి మనిషి పరిచయం కావడం సులభం. కష్టంలో ఆదుకునే స్నేహం కావాలంటే దానికి మరికొంత కాలం, మరికొంత కలిసి పడిన శ్రమ ఉండాలి.

ఒకరి అవసరం ఒకరికి

ఆ శ్రమను ఆటలోనే పొందుపరచిన ఘనత ఎవర్‌క్వెస్ట్‌ది. 1999 మార్చిలో విడుదలైన ఈ ఆట నేటి కొలమానాల ప్రకారం చాలా కఠినమైనది. చచ్చిపోతే సామానంతా శవం దగ్గరే ఉండిపోయేది. దాన్ని తెచ్చుకోవడానికి వట్టి చేతులతో అదే ప్రమాదంలోకి మళ్లీ వెళ్లాలి. పోయిన అనుభవ పాయింట్లు తిరిగి రావాలంటే బతికించే మంత్రం తెలిసిన క్లెరిక్‌ను ఎక్కడినుంచైనా బతిమాలి పిలుచుకోవాలి. ఒంటరిగా ముందుకు సాగడం కొన్ని పాత్రలకు తప్ప మిగతావాళ్లకు దాదాపు అసాధ్యం. పోరాటానికీ పోరాటానికీ మధ్య శక్తి పుంజుకోవడానికి నిమిషాల తరబడి నేలమీద కూర్చోవలసి వచ్చేది.

ఆ కూర్చునే సమయంలోనే మాటలు నడిచేవి. ఎక్కడివాడివి, ఏం చదువుతున్నావు, పాప ఏడుస్తోంది ఒక్క నిమిషం ఆగండి, ఇలాంటి మాటలు. ఖాళీ సమయం ఆటలో లోపంగా కనబడుతుంది. నిజానికి పరిచయాలు పెరిగింది అందులోనే. తీసివేశాకే దాని విలువ తెలిసింది.

ఒకే సర్వర్‌లో ఉన్నవాళ్లు కొన్ని వేలమందే కాబట్టి పేరు ప్రతిష్ఠలకు విలువ ఉండేది. గుంపును మధ్యలో వదిలేసి పోయినవాడిని, వాటా కాని వస్తువును కాజేసినవాడిని వారంలో అందరూ గుర్తుపట్టేవారు. అడిగితే కాదనకుండా వచ్చే క్లెరిక్ పేరూ అలాగే పాకేది. మర్యాదగా ఉండటానికి కారణం కేవలం మంచితనం కాదు. రేపు మళ్లీ వీళ్ల ముఖమే చూడాలన్న గ్రహింపు కూడా.

గిల్డ్ లోపలి జీవితం

బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరు 23న విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ రకం ఆటను కోట్లమందికి పరిచయం చేసింది. 2010లో చందాదారుల సంఖ్య కోటీ ఇరవై లక్షలకు చేరింది. ఒంటరిగా కూడా లెవెళ్లు ఎక్కగలిగేలా దీన్ని మలిచారు. అందరి మధ్యా ఉంటూనే చాలాసేపు ఎవరికి వారే ఆడుకుంటున్నారని నికొలా దుషెనో, అతని సహచరులు 2006లో గమనించారు కూడా. చుట్టూ మనుషుల అలికిడి ఉండటం, తన గొప్ప చూసే కళ్లుండటం చాలామందికి అప్పటికి సరిపోయేది. అసలు సాంగత్యం చివరి లెవెల్‌కు చేరాక మొదలయ్యేది.

తొలినాళ్ల ఈ ఆటలో మోల్టెన్ కోర్ వంటి అతిపెద్ద గుహలను జయించడానికి నలభైమంది కావాలి. ఈ దండయాత్రను రెయిడ్ అంటారు. ముందు నిలబడి దెబ్బలు కాచుకునే ట్యాంకులు, వాళ్లను బతికిస్తూ ఉండే హీలర్లు, శత్రువు మీద దెబ్బ వేసే మిగతావాళ్లు, ఎవరి పాత్ర వారిది. ఒక్క హీలర్ ఇంట్లో కరెంటు పోతే నలభైమంది పని పాడవుతుంది. అందుకని వారానికి రెండుమూడు రాత్రులు నిర్ణీత సమయానికి హాజరయ్యే శాశ్వత జట్లు అవసరమయ్యాయి. వాటినే గిల్డ్‌లు అంటారు. గిల్డ్‌కు నాయకుడు, అధికారులు, కొత్తవాళ్లకు పరీక్షాకాలం, హాజరుపట్టీ, ఉమ్మడి ఖజానా ఉంటాయి.

డ్రాగన్‌ను చంపితే దొరికేది రెండుమూడు వస్తువులు. ఆశపడేవాళ్లు పదిమంది. ఈ చిక్కును ఎలా విప్పుతారన్నదాని మీదే గిల్డ్ ఆయుష్షు ఆధారపడేది. ఎవర్‌క్వెస్ట్ కాలంలోనే ఆడేవాళ్లు దీనికొక పద్ధతి కనిపెట్టారు. దాని పేరు డీకేపీ. ప్రతి రెయిడ్‌కు హాజరైనందుకు కొన్ని పాయింట్లు జమవుతాయి. వస్తువు కావలసినవాడు ఆ పాయింట్లు చెల్లించి తీసుకుంటాడు. ఈ పద్ధతిలో ఉన్న చమత్కారం ఏమిటంటే, ఈ రాత్రి ఏమీ దక్కకపోయినా ఖాతా పెరుగుతుంది కాబట్టి రేపు రావడానికి కారణం మిగిలే ఉంటుంది. పైగా ఇది కంపెనీ పెట్టిన నియమం కాదు. ఆడేవాళ్లే తమ న్యాయం తాము రాసుకున్నారు. కొన్ని గిల్డ్‌లు పాయింట్లు వద్దని, పెద్దలు కూర్చుని ఎవరికి ఇస్తే జట్టుకు మేలో తేల్చే పద్ధతి పెట్టుకున్నాయి. అది నమ్మకం ఉన్నచోట బ్రహ్మాండంగా నడిచేది, లేనిచోట గిల్డ్‌నే చీల్చేసేది.

గిల్డ్‌లన్నీ ఒకే మాదిరిగా ఉండవని డిమిత్రి విలియమ్స్ బృందం 2006లో చేసిన అధ్యయనం చూపింది. పిల్లలు చెట్టుమీద కట్టుకునే ఆటగూళ్ల నుంచి సైనిక శిబిరాల దాకా వాటి తీరు మారుతుందని ఆ వ్యాసం శీర్షికే చెబుతుంది. పది పన్నెండు మంది స్నేహితుల చిన్న గిల్డ్‌లో కబుర్లే ప్రధానం. గెలుపు కోసమే పుట్టిన పెద్ద గిల్డ్‌లో క్రమశిక్షణ ప్రధానం. కొత్తగా చేరేవాళ్లు ఎక్కువగా నిరాశపడేది ఈ తేడా గమనించకపోవడం వల్లనే. తమకు దొరికే సమయం, సభ్యులు మేలుకుని ఉండే వేళలు, ఓడిపోయిన రాత్రి అక్కడివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరు, ఈ మూడూ గిల్డ్ పేరుప్రఖ్యాతుల కంటే ముందు చూసుకోవలసినవి. మూడోది ఒక్క రెయిడ్‌లో కూర్చుంటే తెలిసిపోతుంది.

గిల్డ్‌లు త్వరగా పుడతాయి, తరచుగా విరిగిపోతాయి. నాయకుడు అలసిపోవడం మామూలు కారణం. నలభైమంది సెలవులు, అలకలు, పరీక్షలు, పెళ్లిళ్లు దృష్టిలో పెట్టుకుని వారం వారం జట్టు కట్టడమంటే జీతం లేని ఉద్యోగం. 2007లో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్ విస్తరణలో రెయిడ్‌లను ఇరవై అయిదు, పదిమందికి తగ్గించడంతో ఆ భారం కొంత తేలికైంది. కానీ నలభై నుంచి ఇరవై అయిదుకు దిగే క్రమంలో ఎవరిని ఉంచాలి, ఎవరిని ఆపాలి అన్న ప్రశ్న దగ్గర చాలా గిల్డ్‌లలో మనస్పర్థలు వచ్చాయి.

సౌలభ్యం తెచ్చిన ఒంటరితనం

2009 డిసెంబరులో ఈ ఆటలోకి డంజన్ ఫైండర్ వచ్చింది. బొత్తాం నొక్కితే కంప్యూటరే వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని పోగుచేసి గుహ ముఖద్వారం దగ్గర దించుతుంది. అంతకుముందు జట్టు కుదరడానికి గంట పట్టేది, నడిచి వెళ్లడానికి మరికొంత సేపు. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో మొత్తం పని అయిపోతుంది. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు ఉన్నవాళ్లకు ఇది నిజమైన మేలు. దాన్ని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

పోయింది మాత్రం చిన్నది కాదు. ఆ నలుగురూ మళ్లీ కనబడరు. కాబట్టి పలకరించనక్కర్లేదు, తప్పుచేస్తే నేర్పించనక్కర్లేదు, ఓటు వేసి బయటికి పంపేస్తే చాలు. పేరుప్రతిష్ఠల వ్యవస్థ మొత్తం సడలిపోయింది. ఆట సులువైంది, లోకం పలచబడింది. పాత రూపాన్ని తిరిగి ఇమ్మని ఆటగాళ్లు ఏళ్లపాటు అడగగా బ్లిజార్డ్ 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ విడుదల చేసింది. అందులో డంజన్ ఫైండర్ లేదు. గుహల బయట నిలబడి జట్టు కోసం కేకలు వేసుకునే ఆ పాత పద్ధతికి జనం క్యూలు కట్టి మరీ వచ్చారు.

ఫైనల్ ఫాంటసీ 14 ఇదే సమస్యను మరో విధంగా పరిష్కరించింది. 2010లో వచ్చిన మొదటి రూపం ఘోరంగా విఫలమైంది. నవోకి యోషిదా నాయకత్వంలో దాన్ని మూసేసి, కొత్తగా కట్టి 2013 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇక్కడా కంప్యూటరే జట్టు కడుతుంది. అయితే పాత గుహలకు యాదృచ్ఛికంగా వెళ్లడానికి ఒప్పుకున్న అనుభవజ్ఞులకు రోజూ బహుమతి ఇస్తుంది. జట్టులో మొదటిసారి వచ్చినవాడుంటే అందరికీ అదనంగా లాభం చేకూరుస్తుంది. దానివల్ల కొత్తవాడు భారం కావడానికి బదులు అదృష్టంగా కనబడతాడు. ఆట ముగిశాక తోటివారిలో ఒకరికి మెచ్చుకోలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. ఆసక్తి తగ్గితే కొంతకాలం మానేసి వేరే ఆటలు ఆడుకుని కొత్త కథ వచ్చినప్పుడు రమ్మని యోషిదా బహిరంగంగానే చెప్పాడు. చందా మీద బతికే ఆటకు అధిపతి ఆ మాట అనడం అరుదు. సెలవు తీసుకున్నవాడికి తలుపు తెరిచే ఉంటుందన్న నమ్మకం ఉంటేనే అతను తిరిగి వస్తాడు.

తొలిరోజే పనికొచ్చే కొత్తవాడు

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ సంస్థ 2003 మేలో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అంతరిక్షంలో జరుగుతుంది. మిగతా ఆటల్లాగా ఇందులో ఆడేవాళ్లను వేర్వేరు సర్వర్లకు పంచరు. దాదాపు అందరూ ఒకే విశ్వంలో ఉంటారు. నైపుణ్యాలు నిజకాలంలో పెరుగుతాయి. ఆడినా ఆడకపోయినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పదేళ్ల ముందు వచ్చినవాడిని ఎంత ఆడినా అందుకోవడం కష్టం. మామూలుగా అయితే ఇది కొత్తవాడిని నీరుగార్చాలి.

అలా జరగకపోవడానికి కారణం, చిన్న పడవకు కూడా పని ఉండటం. చవకైన ఫ్రిగేట్ వేసుకుని శత్రునౌక మీదికి దూసుకుపోయి, అది పారిపోకుండా ఒక పరికరంతో పట్టి ఉంచేవాడిని ట్యాకిలర్ అంటారు. ఆ పని నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. వెనక పెద్ద నౌకలు వచ్చేదాకా అతను నిలబెడితే వేట దక్కుతుంది. పడవ పోతే జట్టు ఖజానా నుంచి ఇంకోటి ఇస్తారు. 2004లో ఆటగాళ్లే స్థాపించిన ఈవ్ యూనివర్సిటీ కొత్తవాళ్లకు పాఠాలు చెబుతూ వస్తోంది.

ఇక్కడి కూటములు వేలమంది సభ్యులతో, దూతలతో, గూఢచారులతో, సరుకు రవాణా విభాగాలతో నడుస్తాయి. 2014 జనవరి 27, 28 తేదీల్లో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలంలో జరిగిన యుద్ధం దాదాపు 21 గంటలు సాగింది. ఒక మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టవలసిన రుసుము సమయానికి కట్టకపోవడం దానికి కారణం. ఏడున్నర వేలమందికి పైగా పాల్గొన్నారు. టైటాన్ అనే అతిపెద్ద నౌకలు 75 ధ్వంసమయ్యాయి. ఒక్కో టైటాన్ వెనక ఎందరో కలిసి నెలలపాటు పోగుచేసిన ఖనిజం ఉంది. ఓడిన పక్షం వాళ్లు మర్నాడు మళ్లీ లాగిన్ అయ్యారంటే ఆ ఖనిజం కోసం కాదు.

ఆటగాళ్లు 2008 నుంచి ఓట్లు వేసి ఒక మండలిని ఎన్నుకుంటున్నారు. ఆ మండలి సీసీపీతో కూర్చుని ఆట భవిష్యత్తును చర్చిస్తుంది. 2014లో రేక్యావిక్ ఓడరేవు ప్రాంతంలో ఆటగాళ్ల పేర్లు చెక్కిన స్మారకాన్ని సంస్థ ప్రతిష్ఠించింది. 2012లో లిబియాలోని బెంఘాజీలో అమెరికా దౌత్య కార్యాలయం మీద జరిగిన దాడిలో మరణించినవారిలో షాన్ స్మిత్ ఒకరు. ఈవ్‌లో అతను పేరున్న రాయబారి. ఆ వార్త తెలిశాక మిత్రులూ శత్రువులూ కూడా తమ అంతరిక్ష కేంద్రాల పేర్లు మార్చి అతని పేరు పెట్టుకున్నారు.

చేదు మాటలు, మూసుకున్న మైకులు

సాంగత్యం అందరికీ సమానంగా అందదు. అమెరికాలో జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సీ రోజ్ హేలో 3 ఆటలో ఒక ప్రయోగం చేశారు. ముందే రికార్డు చేసిన ఒకే రకం మాటలను కొన్ని ఆటల్లో మగ గొంతుతో, కొన్నిటిలో ఆడ గొంతుతో వినిపించారు. ఆడ గొంతుకు ప్రతికూలమైన మాటలు మూడింతలు ఎక్కువగా వచ్చాయి. చాలామంది మహిళలు మైకు ఆపేసి, పేరు మార్చుకుని ఆడతారు. జట్టుగా ఆడే ఆటలో మాట్లాడలేకపోవడమంటే సగం ఆట కోల్పోవడమే. ఇది వాళ్ల సున్నితత్వం సమస్య అనేవాళ్లతో ఏమాత్రం ఏకీభవించలేం. పేర్లు నిలవని, మళ్లీ ఎదురుపడని చోట బూతుకు ఖరీదు లేకపోవడమే సమస్య.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ నడిపే రయట్ సంస్థ 2011లో ఫిర్యాదుల మీద ఆటగాళ్లే తీర్పు చెప్పే వేదికను, 2012లో మంచి ప్రవర్తనకు గుర్తింపునిచ్చే పద్ధతిని పెట్టి చూసింది. ఇవి కొంత పనిచేశాయి. తెలిసినవాళ్లతో జట్టు కట్టడం అంతకంటే బాగా పనిచేస్తుందని ఆడేవాళ్లందరికీ తెలుసు. 2015లో గుంపులుగా మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ వచ్చాక గిల్డ్ ఇల్లు ఆట బయటికి మారింది. ఆట మారినా ఆ ఇల్లు మారదు. ఒక ఆట విసుగొస్తే జట్టు మొత్తం ఇంకో ఆటకు తరలిపోతుంది.

తెలుగు నేల మీద

మనదగ్గర ఈ సంస్కృతి మొదట ఇంటర్నెట్ సెంటర్లలో, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో కౌంటర్ స్ట్రైక్‌తో వేళ్లూనింది. గంటకింత అని కట్టి పక్కపక్కన కూర్చుని ఆడేవారు కాబట్టి అక్కడ సాంగత్యం ఆటకంటే ముందే ఉండేది. 2016లో జియో రాకతో డేటా చవకైంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. నెలవారీ చందా కట్టి, ఖరీదైన కంప్యూటర్ కొని ఆడే ఆటలు మనలో కొద్దిమందికే అందాయి. నలుగురి స్క్వాడ్ మాత్రం చేతిలోని ఫోనులోకే వచ్చేసింది. పడిపోయినవాడిని లేపడం, తూటాలు పంచుకోవడం, వెనక నుంచి కాపు కాయడం, ఇవన్నీ ఎవర్‌క్వెస్ట్ నాటి పరస్పర అవసరానికి పొట్టి రూపాలు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అదీ తొలగింపుకు గురై 2023 మేలో తిరిగొచ్చింది. ఇన్ని అంతరాయాల్లోనూ స్క్వాడ్‌లు చెదరకపోవడానికి వాట్సాప్ గ్రూపులు, డిస్కార్డ్, తెలుగులో సాగే యూట్యూబ్ లైవ్‌లు తోడ్పడ్డాయి.

చదువులకూ ఉద్యోగాలకూ విదేశాలు వెళ్లినవారికి ఇవే ఆటలు పాత మిత్రులతో కలిసే వేళలయ్యాయి. వేసవిలో డాలస్‌లో రాత్రి తొమ్మిదయితే గుంటూరులో మర్నాడు ఉదయం ఏడున్నర. ఎవరో ఒకరు దూరపు సర్వర్‌లో ఆడి పింగ్, అంటే సంకేతాలు వచ్చిపోవడంలో ఆలస్యం, భరించాలి. ఫోను చేసి ఏం మాట్లాడాలో తోచని స్నేహాలు కూడా చేతికి ఒక పని ఉంటే నిలబడతాయి.

ఒక తేడా ఇక్కడ స్పష్టం చేయాలి. మన వార్తల్లో ఆన్‌లైన్ గేమ్ అంటే తరచుగా డబ్బు పందెం ఆటలన్న అర్థం వస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటి పందేలను నిషేధిస్తూ చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఈ వ్యాసంలోని ఆటలకూ ఆ పందేలకూ సంబంధం లేదు.

అలసట, బానిసత్వం, విరామం

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆడటం మీద అదుపు తప్పడం, మిగతా జీవితమంతా ఆట తరవాతే కావడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆపలేకపోవడం, ఈ స్థితి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగడం దాని లక్షణాలు. ఎక్కువ గంటలు ఆడటం ఒక్కటే రోగం కాదు. ఆటల సంస్థలు స్వయంగా ఇచ్చిన సమయాల లెక్కలతో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆడిన సమయానికీ మానసిక క్షేమానికీ మధ్య చిన్నదైనా సానుకూల సంబంధమే కనిపించింది. కానీ తప్పనిసరి అన్న భావంతో ఆడేవాళ్ల క్షేమం తక్కువగా ఉంది.

ఆ తప్పనిసరి భావాన్ని పుట్టించడంలో ఆటల నిర్మాణానికి పెద్ద పాత్ర ఉంది. ఒక్కరోజు తప్పితే పోయే దినసరి బహుమతులు, సీజన్ ముగిసేలోగా పూర్తిచేయకపోతే దక్కని బ్యాటిల్ పాస్‌లు ఇష్టాన్ని హాజరుగా మారుస్తాయి. గిల్డ్ కూడా అదే పని చేయగలదు. తన అవసరం నలుగురికీ ఉందన్న ఎరుక ఎంత బలాన్నిస్తుందో, పరీక్ష ముందురోజు రాత్రి అంత బరువూ అవుతుంది. మంచి గిల్డ్‌లు ప్రతి పాత్రకు ఒకరిద్దరిని అదనంగా ఉంచుకుంటాయి. సెలవు అడిగినవాడిని కారణం అడగవు. ఇలాంటి గిల్డ్‌లలో మనుషులు ఎక్కువకాలం ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఐబెలిన్

ఆటల్లో సాంగత్యం మీద ఏ వ్యాసమైనా మట్స్ స్టీన్ దగ్గర ఆగకుండా సాగదు. నార్వేకు చెందిన మట్స్‌కు పుట్టుకతో డుషెన్ కండరక్షీణత ఉంది. చక్రాల కుర్చీలో, కదిలే కొద్ది వేళ్లతో అతను వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు. అక్కడ అతని పేరు ఐబెలిన్, వృత్తి డిటెక్టివ్. గిల్డ్ పేరు స్టార్‌లైట్. కొడుకు గదిలో ఒంటరిగా కాలం వెళ్లదీస్తున్నాడని, స్నేహమంటే తెలియకుండానే పోతున్నాడని తల్లిదండ్రులు బాధపడుతూ వచ్చారు. 2014 నవంబరులో, 25 ఏళ్ల వయసులో మట్స్ మరణించాడు. ఆ కబురును వాళ్లు ఆన్‌లైన్‌లో తెలియజేయగానే పలు దేశాల నుంచి జాబులు రావడం మొదలైంది. ఇంట్లోవాళ్లు కంప్యూటర్ తీసేసుకున్న ఒక డచ్ అమ్మాయి తరఫున ఆమె తల్లిదండ్రులకు మట్స్ ఉత్తరం రాశాడు. మరో ఇంట తల్లీ కొడుకుల మధ్య మాట కలిపాడు. గిల్డ్ సభ్యులు కొందరు విదేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. బెన్యమిన్ రీ తీసిన డాక్యుమెంటరీ ద్వారా 2024లో ఈ కథ లోకమంతా చూసింది.

మట్స్ చాలాకాలం తన జబ్బు సంగతి గిల్డ్‌కు చెప్పలేదు. వాళ్లు అతన్ని ఇష్టపడింది జాలితో కాదు. అందరి కష్టసుఖాలూ ఓపిగ్గా వినేవాడని. మనుషులను ముఖం చూడకుండా తెలుసుకోవడం లోపమనుకుంటాం. అతని విషయంలో అదే అవకాశమైంది.

ఆట మూతపడ్డాక

ఈ లోకాలకు ఒక బలహీనత ఉంది. అవి కంపెనీల సొత్తు. లాభం తగ్గితే సర్వర్ ఆగిపోతుంది. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబరులో, సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబరు 30న మూతపడ్డాయి. సిటీ ఆఫ్ హీరోస్ మూత వార్త తెలిశాక ఆటగాళ్లు వందలుగా నగర కూడలిలో కాగడాలతో నిలబడి నిరసన తెలిపారు, సంతకాలు సేకరించారు. మూత ఆగలేదు. కొందరు ఆ సాఫ్ట్‌వేర్‌ను రహస్యంగా కాపాడుతూ వచ్చారు. 2019లో అది బయటపడ్డాక హోమ్‌కమింగ్ అనే బృందం తమ సర్వర్లు తెరిచింది. హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్ 2024 జనవరిలో ఆ బృందానికి లైసెన్సు ఇచ్చింది. సర్వర్ల ఖర్చును ఆడేవాళ్లే చందాలు వేసుకుని భరిస్తున్నారు.